ముగింపు ట్యాగ్ లేని ఆవు

తకువారెంబోలో జూలై చలి.
నోటు పుస్తకంలో నా కోడిగీతలు:
తెరిచిన ప్రతి ట్యాగ్‌నీ మూయాలి.
లోపల తెరిచింది లోపలే మూయాలి.
వేరు ఒక్కటే.
పిల్ల మూలకం తల్లి మూలకం దాటి పోకూడదు.
చిన్నక్షరం చిన్నదే, పెద్దక్షరం పెద్దదే,
ఎక్స్ఎంఎల్‌కి మొహమాటం లేదు.

నా ఉద్యోగం ఆవుల్ని ఫైళ్లలోకి తోలడం.
ఒక్కో చెవికీ పసుపు పోగు, పోగు మీద అంకెలు.
ఆ అంకెల్ని కోణపు కొక్కేల మధ్య కట్టేసి
మోంతెవిదేయో రేవుకి పంపుతాను.
నేను కట్టిన మందలో ఒక్కటీ అరవదు.

ఈ రాత్రి ఆన్‌లైన్ పరీక్ష, సర్టిఫికెట్ కోసం.
కెమెరా అవతల ఎవరో, ఏ దేశంలోనో,
గది నాలుగు మూలలూ చూపించమన్నారు.
ల్యాప్‌టాప్ ఎత్తి తిప్పాను:
మంచం, హీటర్, ఉతకని మేజోళ్లు.
"ఆ బుర్రలో ఏమిటి?"
మాతే. ఆకు కషాయం.
"ఆ ఇనప గొట్టం?"
తాగడానికి.
చాలాసేపు ఆలోచించి
గొట్టాన్ని గుమ్మం బయట పెట్టించారు.

ముప్పై ఏడో ప్రశ్న:
ఖాళీ మూలకం చెల్లుతుందా?
చెల్లుతుంది. చివర ఒక్క ఏటవాలు గీతతో
తన తలుపు తనే వేసుకుంటుంది.
అవునని నొక్కానే గానీ
మనసు మధ్యాహ్నం దగ్గరే మొండికేసింది.

మధ్యాహ్నం రేవు నా ఫైలు తిప్పి పంపింది.
రెండు వందల పన్నెండో వరుస,
ఎలెవుతేరియో బెంతంకూర్ ఆవు.
స్థితి అన్న చోట ఏమీ లేదు.
ఫోన్ చేశాను.
"వాగు పొంగిన రాత్రి నుంచీ కనబడ్డం లేదమ్మా.
దూడ ఇక్కడే ఉంది. సీసాతో పాలు పడుతున్నాం."
మా స్కీమాలో మూడే మాటలు:
ఉంది, అమ్మారు, చచ్చింది.
"చచ్చిందని రాయనా?"
అవతల రేడియో, ఒక కుక్క.
"నువ్వు చూశావా?" అన్నాడు.

నేనేం చూశాను?
నాలుగేళ్లుగా ఆవుల్ని ఓడలెక్కిస్తున్నాను,
ఒక్కదాని గంగడోలు నిమిరిన పాపాన పోలేదు.

ఎనభై రెండు మార్కులు. పాస్.
నీలం బ్యాడ్జి వచ్చింది,
నా పేరు, కింద పొడుగాటి అంకె,
రెండేళ్లకు మురిగిపోయే తేదీ.
ఇది ఐదోది. మొదటి రెండూ ఎప్పుడో మురిగాయి.
కిందటేడు మా ఆఫీసుకొచ్చి
గోడ మీద వాటిని చూసి ఆ ముసలాయనే అడిగాడు:
"మీకు చెవికి పెట్టరా?"
నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

అర్ధరాత్రి దాటాక ఫైలు మళ్లీ తెరిచి
"ఉంది" అని రాశాను.
పక్కనే, యంత్రం చదవకుండా దాటిపోయే చోట,
ఒక వ్యాఖ్య:
వెతుకుతున్నారు. వాగు ఇంకా తగ్గలేదు.

రేవు ఈసారి మారుమాట్లాడకుండా తీసుకుంది.
గుమ్మం బయటి గొట్టం తెచ్చుకుని
మాతేలో వేడినీళ్లు పోసుకున్నాను.
మొదటి గుక్కకి
పెదవి చురుక్కుమంది.