ఎర్ర తారీఖు

బియ్యం కొట్టువాడు ఊరికే ఇచ్చిన కేలండర్లో
గుడ్ ఫ్రైడే ఎర్రగానే ఉంది.
బ్యాంకులో గుమాస్తా, నాన్నకి సెలవు.
బడి లేదు, నాకూ సెలవు.
అమ్మకి మాత్రం అది ఒట్టి సిరా.

హాంకాంగ్ చట్టంలో రెండు జాబితాలట,
గడ్డం నురగలోంచి చెప్పాడు నాన్న.
కూర్చుని పనిచేసేవాళ్ళది పొడుగు జాబితా,
నిలబడి చేసేవాళ్ళది పొట్టిది.
"మరి కాళ్ళ నొప్పి ఎవరికి?" అన్నాను.
నాన్న చెంప తెగింది.

అమ్మ నాలుగున్నరకే వెళ్ళిపోయింది
చెప్పులు చేత్తో పట్టుకుని,
మా సెలవు నిద్ర చెడకుండా.

పదింటికి సియు-కుయెన్ అత్త వచ్చింది.
అమ్మ చేసే డిమ్ సమ్ హోటలుకే పోదామంది,
మనవాళ్ళని ధర తగ్గిస్తారని.
తగ్గించలేదు.
నంబరు చీటీతో నలభై నిమిషాలు నిలబెట్టారు.
ఊరంతా సెలవు, ఊరంతా ఆకలి.

వెదురు బుట్ట మూత తీస్తే
రొయ్యలు కూరిన తెల్ల కజ్జికాయలు నాలుగు.
అంచు మడతలు లెక్కపెట్టాను: పదకొండు.
అక్కడ అందరూ తొమ్మిదే మడుస్తారు.
"ఇవి అమ్మవి."
అత్త వినలేదు, మిరపపచ్చడి అడుగుతోంది.

వంటింటి తలుపు ఊగినప్పుడల్లా
ఆవిరి, కొన్ని తెల్లటోపీలు.
ఏ టోపీ కింద అమ్మో
తేలేలోపే తలుపు మూసుకునేది.

నాన్న చిల్లర బల్లమీదే వదిలేశాడు.
ఎప్పుడూ వదలడు.

రాత్రి వేణ్ణీళ్ళ గిన్నెలో వేళ్ళు ముంచి
"ఇవాళ జనం విరగబడ్డారు" అంది అమ్మ,
"తిన్నవాళ్ళు లేవరే!"

అత్త ఇంటికెళ్ళిపోయింది.
నాన్న టీవీ గొంతు పెంచాడు.