చుక్కల సున్న

సిల్చార్‌లో బరాక్ నది తగ్గిన తొమ్మిదో రోజు
సర్కిల్ ఆఫీసు నుంచి కబురు:
"పేర్లన్నీ డబ్బాలయిపోయాయి, బేగి రా."

గోడ మీద నడుమెత్తున బురద గీత.
బల్ల మీద బల్ల వేసి, దానికి జానెడు పైన
కంప్యూటర్‌ని పెళ్ళికొడుకులా కూర్చోబెట్టారు.
తెర నిండా ఖాళీ గళ్ళు.
బియ్యం, టార్పాలిన్ అందాల్సిన వాళ్ళ జాబితా అది.
గుమాస్తా ఝర్నా మాలాకార్
పేరు పిలవలేక నంబర్లు పిలుస్తోంది.
ఎవరి నంబరెంతో ఎవరికి తెలుసు?

శక్తిపద కైబర్త కిటికీలోంచి తల దూర్చాడు.
"పడవలోంచి మా పేట ఇట్లాగే కనపడింది బాబూ,
కప్పులు, కప్పులు, కప్పులు.
ఏది ఎవరిల్లో చెప్పలేకపోయాం."

సెట్టింగుల్లో, భాషల పేజీలో, ఓ మూల చిన్న గడి.
ఇన్నేళ్ళూ ఎవరూ టిక్కు పెట్టలేదు.
పెట్టగానే సీడీ అడిగింది.
సీడీ కూడా వరద చూసిందే!
చొక్కా అంచుతో తుడిచి, ఊది, మళ్ళీ తుడిచి
లోపలికి తోశాను.

గళ్ళు పోయాయి. అక్షరాలొచ్చాయి,
కానీ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం లేదు.
క పక్కన హసంత, దాని పక్కన త,
రైలు దిగి ఎటు పోవాలో తెలియని వాళ్ళలా.
మా బంగ్లా ఇకారం పలకడంలో వెనక, రాతలో ముందు.
అది తోకలో నిలబడిపోయింది.

రీస్టార్ట్.
మధ్యలో కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ రీస్టార్ట్.

ఈసారి క, త ఒకదాన్నొకటి వాటేసుకున్నాయి.
ఇకారం గబగబా ముందుకొచ్చి
జంట నెత్తిన గొడుగు పట్టింది.
శక్తిపద తెర మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.
"నేనే," అన్నాడు, ఎవరో కాదన్నట్టు.

క్యూ కదిలింది.

రెండు వందల పన్నెండో వరసలో మాత్రం
పేరు మొదట్లోనే ఒక గుణింతపు గుర్తు
ఆనుకోడానికి అక్షరం లేక
చుక్కల సున్న మీద వాలి ఉంది.
"దీన్నీ బాగుచెయ్యి."
"ఇది మిషను తప్పు కాదు దిదీ.
టైపు చేసిన చేతిలోంచి ఒక అక్షరం జారిపోయింది.
దానికి నా దగ్గర సీడీ లేదు. చెరిపేయనా?"

ఝర్నా ఆ సున్న వంకే చూసింది.
"ఉండనీ."

చీకటి పడేసరికి అందరూ వెళ్ళిపోయారు.
బల్ల కింద ఒక బియ్యం మూట, మడిచిన టార్పాలిన్.
ఆమె కిటికీ ఒక రెక్కే మూసింది.