ఎడమ భుజం కొలత

జిట్రేగి దుంగ అటక మీద ఏడేండ్లు ఎండింది.
మంచం కోళ్లకని దాచుకున్నది.

ఓదెలుది ఎడమచేతి వాటం.
"అందరి తుపాకులు నాకు వంకరే, సారయ్యా" అన్నడు.
మక్క చేన్ల పందులు పడ్డ తెల్లారి వచ్చిండు,
ఇరిగిన కంకొకటి చేతుల పట్టుకొని.

గొట్టం ఎక్కడిదో నేనడగలే.
భుజం గుంత కాడికెల్లి వేలు కొస దాక
తాడుతోని కొలిచి ముడేసిన.
బాడిశ తగిలినప్పుడల్లా కర్ర
పాత బెల్లం వాసన కొట్టింది.
చెంప ఆనే చోటు అరచేత్తో రుద్దిన, రుద్దిన...
నా బిడ్డ తొట్టెకు సుత అంతగనం రుద్దలే.

"పందికే గదా?" అన్న.
"పందికే."

కార్తీకంల వాళ్ల చూరు కింద
దుప్పి తోలు ఆరింది.
చుక్కలు లెక్కపెట్టుకుంట పోయిన, ఆగలే.

ఇయ్యాల తాడ్వాయి ఠాణాల
బల్ల మీద పండుకోబెట్టిన్రు దాన్ని.
ఎస్సై లేపి కుడి భుజానికి ఆనిచ్చుకున్నడు.
"ఎవడు చేసిండ్రా, కుదురుతనే లేదు" అని నవ్విండు.
నా అరచెయ్యి జేబుల దాసుకున్న.

వరుసల మూడోవాడు ఓదెలు
కుడిచేత్తో సంతకం పెడుతున్నడు.
అక్షరాలన్నీ ఒక దిక్కే ఒరిగినయి,
పందులు పడ్డ చేను లెక్క.