మంచి చెవి

సభలో ఎడమ చివరి కుర్చీ అతనిది.
ఎడమ చెవి వియత్నాంలోనే ఉండిపోయింది.
ఎవరు పిలిచినా మెడ కాదు,
ఓర్విల్ స్టెన్‌రూడ్ మనిషంతా తిరిగేవాడు.

నేను రికార్డు గుమాస్తాను.
పద్దెనిమిదేళ్లు అతని మాటలు టైపు చేశాను.
ఎన్నో లేవు.
గోధుమ రైతు, విత్తనాల్లాగే
మాటల్నీ చూసి చూసి చల్లేవాడు.

ఒకే బిల్లు, ఐదుసార్లు:
మోంటానా ఉత్తరపు ఊళ్ల నుంచి
మాజీ సైనికుల ఆసుపత్రికి
వారానికి రెండు వ్యాన్లు.
నాలుగుసార్లు బోర్డు నిండా ఎర్రదీపాలు.
ఓడిన ప్రతిసారీ టోపీ దులుపుకుని
తన పికప్‌లోనే ముగ్గుర్ని ఇరికించుకుని
మంచులో రెండొందల మైళ్లు నడిపేవాడు.
క్లేటన్ అజూర్ దారంతా మాట్లాడడు,
వంతెన వస్తే మాత్రం తలుపు పిడి గట్టిగా పట్టుకుంటాడు.

ఐదోసారి అతను లేచి అన్నది
నా కాగితాల్లో ఇంతే:
"అధ్యక్షా, క్లేటన్ పోయాడు.
అపాయింట్‌మెంట్ చీటీ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.
ఆ వారం నేను ఇక్కడ, మీతో కలిసి,
హైవే బోర్డులకు ఏ రంగు వెయ్యాలో తేలుస్తున్నాను."

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
నిశ్శబ్దానికి నా మెషిన్‌లో మీట లేదు.
రెండు వరసలు ఖాళీగా వదిలాను.
అచ్చులో ఎవరో వాటిని మూసేశారు.

ఒక్క ఓటుతో గెలిచింది.
వ్యాన్ మీద తన పేరు రాస్తామంటే
ఆ పెయింటు డబ్బుతో టైర్లకు గొలుసులు కొనమన్నాడు.

ఇప్పుడు పదవి లేదు.
మంగళవారాలు అదే వ్యాన్‌లో,
ఎడమ కిటికీ పక్కన కూర్చుంటాడట,
మంచి చెవి లోపలివాళ్ల వైపు ఉండేలా.