పదిహేడో నంబరు పేడ

వానలు వెనుకబట్టినంక
నర్సంపేట పశువుల దవాఖానల
పేడ పొట్లాలు ఉప్పునీళ్లల్ల కలిపి
అద్దం కింద పురుగుల గుడ్లు లెక్కబెడుతున్న.

తొమ్మిదో నంబరు, జెర్సీది:
లెక్క తప్పి మళ్ల మొదలువెట్టిన.
పదిహేడు, తండాల ఈర్యా పొట్టావుది:
మూడే మూడు.

ఫోన్ జేసిన. ఏం మందు పోసినవ్?
"మందా? దాని తల్లికి గూడ పొయ్యలే.
మొన్ననే అంగట్ల అమ్మిన సారూ.
సుడి జూసిన్రు, పండ్లు జూసిన్రు,
గిడ్డదని రెండువేలు తగ్గించిన్రు."

పేగుల్ల
ఎన్ని ఈతల కిందటి నెత్తురో కాపలున్నదని
బేరగాడికేం ఎరుక?

రిజిస్టర్ల గీత కొట్టబోయి ఆగిన.
దూడ?
"ఉన్నది. పెయ్య. అమ్మ మనసొప్పలే."

కొత్త పొట్లం మీద
పదిహేడు బై ఒకటి
అని రాసి, ఖాళీదే, పక్కకు వెట్టిన.