సున్నా ఎక్కడ పెట్టాలి

ముందు సున్నా ఎక్కడో తేల్చుకోవాలి.
శంకుస్థాపనకి ఈశాన్యం చూసుకున్నట్టు
నేను తెర మీద గోడ లేపే ముందు సున్నా చూసుకుంటాను.

గుణుపురంలో, పాత చిన్నరైలు కట్టని ఆనుకుని
జనపనార గోదాం.
కొండల మీంచి చదువుకి దిగే ఆడపిల్లలకి
ఇప్పుడది హాస్టలు కావాలి.
శనివారానికి మోడల్ చేతిలో ఉండాలని
బిసోయి బాబు ఒరియాలో ఒకసారి, తెలుగులో రెండుసార్లు చెప్పారు.

గుమ్మం ముందు కాటా రాయి.
ఎన్ని బేళ్ళు కూర్చుని లేచాయో
నడుమ నున్నగా పల్లమైపోయింది.
సున్నా అక్కడ పెట్టాను.
ఎక్స్ రైలు కట్ట వైపు, వై వంశధార వైపు,
జెడ్, పెంకుల మీద పేలు చూసుకుంటున్న కోతుల వైపు.

పెంకులు ఎనిమిది వేల పైచిలుకు.
అన్నీ గీస్తే ఫైలు మూలుగుతుంది.
చూరు నీడ పడాలి కదా అని
అంచున ఒక్క వరస నిజంగా గీసి
మిగతా కప్పంతా ఫోటో అతికించేశాను.
అబద్ధమే, కానీ బరువు లేని అబద్ధం.

కిటికీ ఒక్కటి చేసి పద్నాలుగు చోట్ల నిలబెట్టాను.
ఒకదాని ఊచ జరిపితే పద్నాలుగూ జరుగుతాయి,
మా పెద్దమ్మ ఇంట్లో ఒకళ్ళకి జ్వరమొస్తే
అందరికీ గంజి పోసినట్టు.

గోడ దగ్గర ఆగిపోయాను.

టేపు రెండో కొస ఇసాక్ గొమాంగో చేతిలో ఉంది.
సవర మేస్త్రి. మూడు భాషలొచ్చు,
ఏ భాషలోనూ తొందరపడడు.
కట్ట మట్టి ఏళ్ళ తరబడి వెనకనుంచి తోసి తోసి
పడమటి గోడ నడిమికి మూడంగుళాలు లోపలికి ఉబ్బింది.

"తిన్నగా గీసెయ్యండి, ఎవరు చూడొచ్చారు?" అన్నారు బిసోయి బాబు.
గీశాను.
ఇరవై నాలుగు మంచాలు రెండు వరసల్లో
బడిపిల్లల్లా బుద్ధిగా కూర్చున్నాయి.
ఇసాక్ తెర కేసి చాలాసేపు చూశాడు.
"ఏటమ్మా, ఈ గోడ ఎక్కడిది?"

నడవ తొమ్మిది వందలుండాలి.
బొజ్జ దగ్గర ఎనిమిది వందల ఇరవై ఐదే.
"రేత్రి చీకట్లో లేచిన పిల్ల మోకాలికి తెలుస్తాది" అన్నాడు,
మేజోళ్ళ కొలత చెప్పినంత మామూలుగా.

ఆ రాత్రి గోడని వంచాను.
నలభై బిందువులు పెడితే పూర్తి నిజం,
కానీ వంకరని మోయడానికి ఐదు చాలు.
ఇరవై నాలుగో మంచాన్ని కాటా గదిలోకి తిప్పి
తలుపు రెక్క బయటికి తెరుచుకునేలా మార్చాను.
ఇంతకే రెండు గంటలు పట్టింది.

పునాది సంగతి ఎవరికీ తెలీదు.
ఒక మూల తవ్వి చూస్తే
అడుగున్నరకే నీరు ఊరింది, పూడ్చేశాం.
సున్నాకి కిందనున్న దాన్నంతా చుక్కల గీతల్లో పెట్టి
ఆ పొరకి పేరు పెట్టాను: తెలీదు.
"ఇదేం పేరండీ, టెండరు కాగితాల్లో బాగోదు" అన్నారు బాబు.
దాని పక్కనున్న కన్ను గుర్తు మూసేశాను.
చెరపలేదు.

శనివారం పొద్దున్న అచ్చు తీసిన కాగితం మీద
ఇసాక్ బొటనవేలు గోడ వంపు వెంట నడిచింది,
నడిమిన కాస్త ఆగింది.
"ఆఁ, ఇదీ."
నేనింకా ఆ మాట లోపల దాచుకోకముందే
నేల మీద వేలు పెట్టి అడిగాడు:
"కడిగిన నీళ్ళు ఎటు పోతాయమ్మా?"

తెర మీద ఎప్పుడూ వాన పడదు.
నేలని అద్దంలా చదునుగా పరిచేశాను.
బిసోయి బాబు మోటారు సైకిలు చప్పుడు
రైలు గేటు దాటింది.
కాటా రాయి మీద కూర్చుని
లాప్‌టాపు మళ్ళీ తెరిచాను.