ఇసక డబ్బా

అంబాజీపేటలో, కొబ్బరి లారీలు ఆగేచోట,
ఆరడుగుల కొట్టు నాది.
చచ్చిన బ్యాటరీలు తెస్తారు. కొన్నిటిని లేపుతాను,
లేవనివాటిని ఇసక డబ్బాలో పాతేస్తాను.

అబ్బులు రొయ్యల చెరువు కాపలా.
తెల్లార్లూ ఏరియేటర్ల హోరు, నిద్ర ఆపుకోడానికంటాడు,
జేబులోంచి ఇత్తడి గొట్టం తీసి బల్లమీద పెట్టాడు.
"చెయ్యి కాలిపోతందక్కా. చూడు."
రాజమండ్రిలో ఎవడో అమ్మాడట, బిల్లూ గిల్లూ లేకుండా,
బొమ్మకార్ల పార్సిల్లో వచ్చిందట.

విప్పాను.
లోపల ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు.
ఒక సెల్లు. కింద మీట. పైన తీగచుట్ట, దాని మధ్య దూది.
బోర్డు లేదు, ఫ్యూజు లేదు,
చాలు ఆపు అని చెప్పే దిక్కు లేదు.
మీట నొక్కావా, సెల్లూ తీగా ముఖాముఖి.
తీగ ఎర్రబడుద్ది, దూదిలో తడి ఆవిరవుద్ది,
దాన్ని నువ్వు పీలుస్తున్నావు.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
వరదొస్తే అర్ధరాత్రి గొడుగు కూడా లేకుండా పోయి
చక్రం తిప్పి తలుపులు దించేవాడు.
గోదారి ఎంతిస్తుందో కాదే, అనేవాడు,
గట్టు ఎంత ఓర్చుకుంటుందో చూసుకో.
ఈ గొట్టానికి నీ బొటనవేలే లస్కరు, అబ్బులూ.
తెల్లవారుజామున నాలుగింటికి
ఆ లస్కరు మెలకువగా ఉంటాడా?

మీటరు పెట్టాను. సున్నా పాయింటు ఒకటి ఐదు.
"నిండు సెల్లు నాలుగు పాయింటు రెండు. దాన్ని దీంతో భాగించు."
ఫోను తీసి నొక్కాడు. ఇరవై ఎనిమిది.
"ఇది పాత లాప్‌టాప్ సెల్లు. ఐదారు ఆంపియర్ల ప్రాణం.
ఆరు కాయల మోత మోసేవాడి నెత్తిన
ఇరవై ఎనిమిది పెట్టి పరిగెత్తమంటన్నావు."

ఆయ్, అన్నాడు. నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సెల్లు తొడుగు చిరిగింది, బియ్యపుగింజంత.
ప్లస్సు నెత్తిమీద బొట్టంతే,
మిగతా ఒళ్ళంతా మైనస్సే, ఆ పల్చటి తొడుగు కింద.
చిరుగు చోట ఇత్తడి తగిలితే మీట నొక్కక్కర్లేదు.
విడిగా జేబులో వేసుకుంటే
బండి తాళం చాలు, రెండు రూపాయల బిళ్ళ చాలు.
నా ఎడం బొటనవేలు చూపించాను.
గోరు సగమే మొలుస్తుంది, ఏడేళ్ళుగా.

గొట్టం అడుగున మూడు చిల్లులుండాలి.
ఎం-సీల్ పెట్టి మూసేశాడు, ఉప్పునీళ్ళు పోతాయని!
"సెల్లుకి పిచ్చెక్కితే గాలి పోడానికిరా అవి.
మూస్తే తాటాకు టపాకాయ.
అదీ నోటి దగ్గర."

మా అమ్మమ్మ లంక పొగాకు చుట్ట కాల్చేది.
దాని నిప్పు కంటికి కనబడేది, వాన పడితే ఆరేది.
దగ్గీ దగ్గీ పోయింది, అది వేరే సంగతి.

"మానెయ్" అన్నాను. మానడని తెలిసి
మిగతాదీ చెప్పాను:
తీగ మార్చిన ప్రతిసారీ మీటరు చూపించు,
ఒక ఓముకి తగ్గితే నా కొట్టుకి రాకు.
మంచి సెల్లు కొను, డబ్బాలో పెట్టి తిప్పు,
పడుకునేటప్పుడు చార్జింగు పెట్టకు,
మీటకి తాళం తిప్పి జేబులో వేసుకో.
ద్రవంలో ఏముందో మాత్రం నన్నడక్కు,
నా మీటరుకి అది తెలీదు.

"మరి ఈ రాత్రికి?"
టీ ఫ్లాస్కు ఇచ్చాను. మొహం మాడ్చుకుని తీసుకున్నాడు.
ఎం-సీల్ గీకేసిన ఖాళీ గొట్టాన్ని పెదాలకానించి ఊదుకుంటూ,
పిల్లాడిలా, వంతెన దిగి వెళ్ళాడు.

కొట్టు కట్టేసే ముందు
ఇసక డబ్బా మీద చెయ్యి పెట్టాను.
ఇంకా వెచ్చగా ఉంది.
స్టూలు బయటకి లాక్కుని కూచున్నాను,
లారీలన్నీ వెళ్ళిపోయేదాకా.